గోల్డ్ కోస్ట్, దాని వెనక కొండలు: నాన్నగారి షష్టిపూర్తికి ఏడు రాత్రులు ఎలా పంచుకోవాలి?

మంజీర_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాన్నగారి షష్టిపూర్తి సందర్భంగా అమ్మానాన్నలను ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌కు తీసుకెళ్తున్నాం. నలుగురం, ఏడు రాత్రులు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా బ్రిస్బేన్. ప్రస్తుతానికి అనుకున్నది సెప్టెంబరు ఆఖరి వారం.

నాన్నకు మోకాళ్ల నొప్పి. చదునైన దారిలో కిలోమీటరు దాకా నడుస్తారు, మెట్లు మాత్రం కష్టం. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ఖర్చుకు వెనకాడటం లేదు. అయితే పెట్టిన డబ్బుకు తగ్గ తృప్తి వాళ్లకు దక్కాలి.

ఏడు రాత్రులూ సర్ఫర్స్ ప్యారడైజ్‌లోనే (గోల్డ్ కోస్ట్ నడిబొడ్డున ఉన్న బీచ్ పేట) దిగి, కొండలకు ఒక్క పగలు వెళ్లొస్తే చాలా? హాట్ ఎయిర్ బెలూన్, హెలికాప్టర్, తిమింగలాలు, మిణుగురుల గుహ... వీటిలో వాళ్లకు ఏవి సరిపడతాయి? గది ఏ వైపు తీసుకోవాలి? భోజనం సంగతేంటి? ఇంకొకటి, గదిలోనే చిన్న పూజ చేయించుకోవచ్చా?

కూలంగట్ట_ఇసుక

ముందు తేదీలు మార్చండి. క్వీన్స్‌ల్యాండ్ బడులకు సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా రెండు వారాలు సెలవులు. రాష్ట్రమంతా కుటుంబాలతో తీరానికి దిగుతుంది. ధరలు పెరుగుతాయి, తిమింగలాల పడవలు నిండిపోతాయి, కొండల మీద పార్కింగ్ దొరకదు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు పదిహేను లోపు పెట్టుకుంటే ఇదే వాతావరణం ప్రశాంతంగా దొరుకుతుంది. ఏడాదిలో వాన తక్కువ పడే రోజులవి. పగలు 22, 23 డిగ్రీలు, రాత్రికి పలచటి శాలువా చాలు. అక్టోబరు చివర్లో సర్ఫర్స్ ప్యారడైజ్ వీధుల్లోనే కారు రేసు జరుగుతుంది, రోడ్లు మూసేస్తారు. నవంబరు చివర్లో పన్నెండో తరగతి ముగించిన పిల్లలు వేల సంఖ్యలో అక్కడే మకాం వేస్తారు, దాన్ని స్కూలీస్ అంటారు. పెద్దవాళ్లతో ఆ రెండు సమయాల్లోనూ అటు వెళ్లకండి.

ఇక గది. ఈ తీరం తూర్పు ముఖం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక అస్తమిస్తాడు. సర్ఫర్స్ ప్యారడైజ్‌లో ఆకాశహర్మ్యాలు ఇసుకను ఆనుకునే ఉంటాయి (వాటిలో క్యూ1 ఎత్తు 322.5 మీటర్లు), కాబట్టి మధ్యాహ్నం గడిచిందంటే వాటి నీడ ఇసుక మీద పరుచుకుంటుంది. చలికాలంలో మరీ తొందరగా. బీచ్‌లో కూర్చోవాలంటే పొద్దున్నే కూర్చోవాలి. సాయంత్రం ఎండ కావాలంటే దక్షిణాన బర్లీ హెడ్స్ వైపో, ఇంకా కిందకు కూలంగట్ట వైపో వెళ్లాలి. కూలంగట్ట తీరం ఉత్తరానికి తిరిగి ఉంటుంది, అలల ఉద్ధృతి కూడా తక్కువ.

బుకింగ్‌లో రెండు మాటలు జాగ్రత్తగా చదవండి. 'ఓషన్ ఫ్రంట్' అంటే ఎదురుగా సముద్రమే. 'ఓషన్ వ్యూ' అంటే రెండు భవనాల సందులోంచి కనిపించే నీలి చీలిక కూడా కావచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. ఇక్కడి పెద్ద టవర్లలో చాలావరకు అపార్ట్‌మెంట్లే, విడివిడిగా యజమానులు ఉంటారు. చూడటానికి హోటల్‌లాగే ఉంటుంది కానీ గది శుభ్రం చేయడం వారానికి ఒకసారే కావచ్చు, రాత్రి వేళ రిసెప్షన్‌లో మనిషి ఉండకపోవచ్చు. మీకు రోజూ సేవలు కావాలి కాబట్టి పూర్తి స్థాయి హోటలే తీసుకోండి. 2022లో తెరిచిన లాంగమ్ ఇసుకను ఆనుకునే ఉంది, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అది పెద్ద సుఖం. జేడబ్ల్యూ మారియట్ ఒడ్డు మీద లేదు. అయితే దాని ఆవరణలో ఉప్పునీటి లగూన్ (మడుగు లాంటి కొలను) ఉంది, అలలంటే భయపడేవాళ్లకు బాగుంటుంది. పడమటి గదులను తక్కువ చేయకండి. కాలువలు, వాటి వెనక కొండల వరుస, అస్తమయం... అన్నీ బాల్కనీలోంచే కనిపిస్తాయి. నాలుగు రాత్రులుంటే అమ్మానాన్నలకు తూర్పు, మీకు పడమర తీసుకుని ఉదయం కాఫీ వాళ్ల గదిలో, సాయంత్రం టీ మీ గదిలో పెట్టుకోండి.

సముద్రంలో దిగితే ఎరుపు-పసుపు జెండాల మధ్యనే. పైకి నున్నగా, అలలు విరగకుండా కనిపించే చోటే నీళ్లు లోపలికి లాగుతుంటాయి. తెలియనివాళ్లు అదే ప్రశాంతమైన చోటనుకుని దిగుతారు. అమ్మకు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని ఉంటే తల్లెబడ్జెరా క్రీక్‌కు తీసుకెళ్లండి. అది వాగు ముఖద్వారం, నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆటు కంటే పోటు సమయంలో బాగుంటుంది. ఒడ్డున నీలం బుడగల్లా బ్లూబాటిల్స్ కొట్టుకొస్తే తాకకండి. కుడితే వెనిగర్ పోయకూడదు. సముద్రపు నీళ్లతో కడిగి, చర్మం తట్టుకోగల వేడినీళ్లలో, అంటే సుమారు 45 డిగ్రీల్లో, 20 నిమిషాలు ఉంచాలి.

కొండదారి_కనంగ్రా

ఒక్క పగలు వెళ్లొస్తే చాలా అన్నారు కదా, చాలదు. అందరూ చేసే పొరపాటు అదే. పగటి యాత్రలో కొండ చేరేసరికి పదకొండవుతుంది, తిరుగు దారి మూడింటికి మొదలు. అసలు కొండకు కళ వచ్చేది ఉదయం ఏడు లోపు, సాయంత్రం ఐదు తర్వాత. ఆ రెండు వేళల్లోనూ మీరు రోడ్డు మీదుంటారు. తీరంలో నాలుగు, కొండ మీద మూడు రాత్రులు పెట్టుకోండి. కొండ మీద రాత్రులు ఆదివారం నుంచి బుధవారం దాకా ఉండేలా చూడండి. శుక్ర, శనివారాల్లో అక్కడి విడిదులు చాలావరకు పెళ్లిళ్లకు వెళ్లిపోతాయి.

మ్యాపు చూసి మోసపోకండి. టాంబోరిన్, స్ప్రింగ్‌బ్రూక్, లామింగ్టన్ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇదంతా ఒకప్పటి ట్వీడ్ అగ్నిపర్వతం, సుమారు 2.3 కోట్ల ఏళ్ల కిందటిది. అది అరిగి అరిగి చేతివేళ్లలా విడిపోయిన గట్లే ఈ కొండలు. ఒక వేలి మీద నుంచి ఇంకో వేలి మీదకు వెళ్లాలంటే లోయలోకి దిగి మళ్లీ ఎక్కాల్సిందే. లామింగ్టన్ పార్కులోనే ఓరైలీస్, బిన్నా బర్రా అని రెండు విడిదులున్నాయి. కాలిబాటన వాటి మధ్య 21 కిలోమీటర్ల చిల్లర, కారులో గంటన్నర. అందుకని ఒక రోజుకు ఒక్క కొండే.

నాన్నగారి మోకాళ్లను బట్టి టాంబోరిన్‌లో రెండు రాత్రులు, ఓరైలీస్‌లో ఒక రాత్రి అంటాను. టాంబోరిన్ మీద ఊరుంది, వైద్యుడున్నాడు, పెట్రోలు ఉంది, బొటానిక్ గార్డెన్‌లో దారులు చదును. క్వీన్స్‌ల్యాండ్ తొలి జాతీయ పార్కు 1908లో ఏర్పడింది ఇక్కడి విచెస్ ఫాల్స్ దగ్గరే. కాకపోతే ఆ జలపాతం దాకా దిగి ఎక్కే దారి మీకు వద్దు. కొండ అంచున లోయ కనిపించే విల్లా తీసుకోండి, వరండాలోనే సగం రోజు గడిచిపోతుంది.

ఓరైలీస్ 900 మీటర్లకు పైన, వర్షారణ్యం మధ్యలో ఉంటుంది. కనంగ్రా ఊరి నుంచి 36 కిలోమీటర్లు అంటారు, అరగంట అనుకోకండి, దగ్గరదగ్గర గంట. కొన్నిచోట్ల ఒక్క బండి పట్టే దారి, ఎదురుగా వచ్చేవాళ్లు కనిపించని మలుపులు. కనంగ్రాలోనే ట్యాంకు నింపుకోవాలి. అమ్మకు వాంతులయ్యే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి, బయలుదేరడానికి గంట ముందే మాత్ర వేయండి. సాయంత్రం నాలుగు లోపు పైకి చేరిపోవాలి. పొద్దుగూకితే వాలబీలు (చిన్న కంగారూలు) రోడ్డు మీదకు వస్తాయి, అద్దె కారు బీమాల్లో రాత్రి వేళ జంతువు తగిలితే వర్తించదని రాసి ఉండొచ్చు. పైన ట్రీ టాప్ వాక్ ఉంది. వేలాడే వంతెనల మీద అడవి తల మీదుగా నడక, మొత్తం 180 మీటర్లు. వంతెనలు ఊగుతాయి కానీ మెట్లెక్కే బాధ లేదు. మర్రి జాతి చెట్టు మీది మంచెకు నిచ్చెన ఉంటుంది, అది మాత్రం వదిలేయండి. పొద్దున్నే పక్షులు చేతి మీదే వాలతాయి. నీలి రంగు వస్తువులు ఏరుకొచ్చి ముంగిలి అలంకరించే సాటిన్ బవర్‌బర్డ్‌ను నాన్నగారు తప్పక చూడాలి. సెప్టెంబరు నుంచి దాని జోడు కట్టే కాలం, కట్టుకున్న పుల్లల పందిరి ముందర దాని హడావిడి అప్పుడే ఎక్కువ. ఇక్కడ రాత్రిళ్లు బాగా చలి, స్వెట్టర్లు తప్పనిసరి. ఫోను సిగ్నల్ నమ్మకండి, మ్యాపులు ముందే దింపుకోండి.

స్ప్రింగ్‌బ్రూక్‌కు తీరం నుంచే ఒక పూట వెళ్లొచ్చు. బెస్ట్ ఆఫ్ ఆల్ లుకౌట్‌కు పోను 300 మీటర్లు, రాను 300 మీటర్లు. దారి పక్కన అంటార్కిటిక్ బీచ్ (ఇది చెట్టు పేరు, సముద్రపు బీచ్ కాదు) చెట్లు కనిపిస్తాయి, గోండ్వానా (దక్షిణ ఖండాలు, మన దేశం ఒక్కటిగా ఉన్న ప్రాచీన మహాఖండం) కాలపు వంశం. ఆ గోండ్వానా పేరు మన దేశపు గోండు నేలదే అని నాన్నగారికి చెప్పండి, ఆయన ఆ చెట్టును ఇంకోలా చూస్తారు. పర్లింగ్ బ్రూక్ జలపాతాన్ని పైనున్న వ్యూ పాయింట్ నుంచే చూడండి. చుట్టూ తిరిగే నాలుగు కిలోమీటర్ల దారంతా మెట్లే. బయలుదేరే ఉదయమే అక్కడ మబ్బు ఉందా, క్వీన్స్‌ల్యాండ్ పార్కుల సైట్‌లో ఏ దారులైనా మూసేశారా అని చూసుకోండి. తీరంలో ఎండ కాస్తున్నా పైన పది అడుగుల దూరం కనపడని మంచు ఉండొచ్చు. అలాంటి రోజు లుకౌట్లు దండగ.

మిణుగురుల గుహ అని రాశారు, అవి మన మిణుగురులు కావు. గ్లో వార్మ్‌లంటే ఒక రకం దోమలాంటి పురుగు పిల్లలు. గుహ కప్పుకు జిగురు దారాలు వేలాడదీసి, వెలుగుతో చిన్న పురుగులను రప్పించి తింటాయి. స్ప్రింగ్‌బ్రూక్ పార్కులోని నాచురల్ బ్రిడ్జ్‌లో ఇవి సహజంగా ఉన్నాయి, కానీ ఆ కిలోమీటరు చుట్టుదారిలో మెట్లు చాలా, పైగా చీకట్లో తడి రాళ్లు. నాన్నగారికి వద్దు. టాంబోరిన్ మీద సీడర్ క్రీక్ ఎస్టేట్‌లో వీటి కోసమే కట్టిన కృత్రిమ గుహ ఉంది, పట్టపగలే చూపిస్తారు, నడక చదును. ఎక్కడికెళ్లినా దోమల మందు పూసుకుని గుహలోకి వెళ్లకూడదు, టార్చి వాటి మీద వేయకూడదు. వేస్తే ఆర్పేసుకుంటాయి, ఆ రాత్రికి వాటికి తిండి ఉండదు.

వర్షారణ్యంలో గుండె ఆకారపు పెద్ద ఆకులు, వాటికి నూగు కనిపిస్తే ముట్టొద్దు. జింపీ జింపీ అంటారు. దాని మంట వారాలు, నెలలు కూడా ఉంటుంది. గీకినా రుద్దినా నూగు విరిగి లోపలే ఉండిపోతుంది. వెంట్రుకలు పీకే వ్యాక్స్ పట్టీ అంటించి ఒక్క లాగు లాగాలి. వాన పడితే జలగలు ఉంటాయి, పొడవు మేజోళ్లు వేసుకోండి.

గాలి_నీరు

గాల్లో, నీళ్లలో చేసే వాటి సంగతి చెప్తాను.

బెలూన్ నాన్నగారికి వద్దు. బుట్టకు తలుపుండదు, కాళ్లు పెట్టే కన్నాల్లో కాలు మోపి పైకెక్కి లోపలికి దిగాలి. బెలూన్ నేలకు దిగేటప్పుడు మోకాళ్లు వంచి, తాళ్లు పట్టుకుని కూర్చున్నట్టు ఉండాలి. గాలి ఉంటే బుట్ట పక్కకు ఒరుగుతుంది. మీరిద్దరూ వెళ్లండి. ఎగిరేది కనంగ్రా లోయ పరిసరాల నుంచే, కాబట్టి టాంబోరిన్‌లో ఉన్న రాత్రికి పెట్టుకుంటే తీరం నుంచి వచ్చేవాళ్ల కంటే గంట ఎక్కువ నిద్రపోతారు. మూడు రాత్రుల్లో మొదటి ఉదయానికే బుక్ చేయండి. గాలి వల్లో మంచు వల్లో రద్దయితే మర్నాటికి మార్చుకునే వీలుంటుంది. ఆఖరి రోజుకు పెట్టుకున్నవాళ్లకు డబ్బు తిరిగొస్తుంది కానీ ఎగరడం ఉండదు.

పెద్దవాళ్లకు హెలికాప్టర్ సరైనది. ఎక్కడానికి ఒకటి రెండు మెట్లు, చేయి అందిస్తారు. పది నిమిషాల తీరం చక్కర్లు కాకుండా కొండల మీద ద్రాక్షతోటలో దిగి భోజనం చేసి తిరిగొచ్చేవి అడగండి. ఒక్కొక్కరి బరువు సరిగ్గా చెప్పండి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు, తక్కువ చేసి చెబితే అక్కడ తూకం వేసి సీట్లు మారుస్తారు. కుటుంబమంతా ఒకే యంత్రంలో పడతారా అన్నది ముందే ఖాయం చేసుకోండి.

తిమింగలాలకు సెప్టెంబరు చాలా మంచి నెల. జూన్, జులైలో హంప్‌బ్యాక్‌లు ఉత్తరానికి వెళ్తాయి. ఆగస్టు నుంచి పిల్లలతో దక్షిణానికి తిరిగొస్తాయి, తల్లీ పిల్లా ఒడ్డుకు దగ్గరగా, నెమ్మదిగా ఈదుతాయి. ఉదయపు పడవే తీసుకోండి. అక్కడి వసంతంలో (సెప్టెంబరు నుంచి నవంబరు దాకా) మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి లేచి సముద్రం గరుకెక్కుతుంది. సీవే అనే సముద్ర ముఖద్వారం దాటే పది నిమిషాలే కుదుపు ఎక్కువ. సముద్రపు మాత్ర ఒడ్డునే, గంట ముందు వేసుకోవాలి, ఒంట్లో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. ప్రైవేటు పడవ అంటే గొప్పగా ఉంటుంది గాని, పెద్ద కాటమరాన్ (జంట అడుగుల పడవ) తక్కువ ఊగుతుంది, ఎత్తు నుంచి కనిపిస్తుంది, మరుగుదొడ్డి సౌకర్యంగా ఉంటుంది. ప్రైవేటు పడవ డబ్బును సాయంత్రం బ్రాడ్‌వాటర్‌లో తిరగడానికి ఖర్చు పెట్టండి. అది అలలు లేని లోపలి జలం, సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ ద్వీపం చాటున నిశ్చింతగా భోజనం చేయొచ్చు. పడవలు తిమింగలానికి 100 మీటర్ల దూరంలో ఆగాలన్నది చట్టం. దగ్గరకు తీసుకెళ్తామని చెప్పేవాళ్లను నమ్మకండి. ఇంజను ఆపి ఉంచితే అవే దగ్గరకు వస్తాయి.

మంజీర_గట్టు

అందరికీ ధన్యవాదాలు. తేదీలు సెప్టెంబరు 3 నుంచి 10కి మార్చాం. భోజనం, పూజ సంగతి ఎవరైనా చెప్పండి. కారు మేమే నడపాలా, డ్రైవరును పెట్టుకోవాలా? బైరన్ బే కూడా చూడాలని మా ఆవిడ పట్టు.

ఉప్పు_పప్పు_లెక్క

ఆస్ట్రేలియాలో వెజిటేరియన్ అంటే గుడ్డు ఉన్నట్టే లెక్క. 'నో ఎగ్, నో ఫిష్ సాస్, నో జెలటిన్' అని మూడూ విడివిడిగా రాయండి. పన్నా కోటా, మూస్ లాంటి తీపి వంటల్లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది), థాయ్ వంటల్లో చేపల సాస్, పార్మెసాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ (పాలు విరిచే పదార్థం) ఉంటాయి. ఏడెనిమిది వంటలు వరసగా వడ్డించే టేస్టింగ్ మెనూ అయితే కనీసం 48 గంటల ముందు చెప్పాలి, అక్కడికక్కడ అడిగితే కాల్చిన గుమ్మడికాయ ముక్కే దిక్కు. కొండల మీద వంటిల్లు ఎనిమిదికల్లా కట్టేస్తారు. మనవాళ్ల తొమ్మిదిన్నర భోజనం అక్కడ చెల్లదు, టాంబోరిన్‌లో వంటగది ఉన్న విల్లా అందుకే మేలు. బియ్యం, కందిపప్పు, పెరుగు సౌత్‌పోర్ట్‌లోని భారతీయ దుకాణాల్లో కొనుక్కుని పైకెళ్లండి.

మన దేశం నుంచి పాల కోవా, పేడా లాంటి పాల మిఠాయిలు, కరివేపాకు, తమలపాకులు, మామిడాకులు, పూలు పట్టుకెళ్లకండి. బ్రిస్బేన్‌లో తీసేసుకుంటారు. పచ్చళ్లు, పొడులు సహా తినేది ఏదున్నా విమానంలో ఇచ్చే కార్డులో 'అవును' అనే రాయండి. చెప్పి ఇస్తే పోయేది పొట్లమే. దాస్తే జరిమానా భారీగా ఉంటుంది, వీసా రద్దు దాకా పోవచ్చు. మందులు మూడు నెలలకు మించకుండా, చీటీతో సహా, అసలు పెట్టెల్లోనే ఉంచండి.

పూజ గురించి. హోటల్ గదిలో అగరుబత్తి, హారతి కర్పూరం వెలిగించొద్దు. పొగ సెన్సారు మోగితే ఫైరింజను నేరుగా వచ్చేస్తుంది, ఆ ఖర్చు మీ బిల్లులో పడుతుంది. బ్రిస్బేన్ నగరానికి దక్షిణాన సౌత్ మాక్లీన్‌లో శ్రీ సెల్వ వినాయకర్ కోవెల ఉంది. అక్కడ అర్చన చేయించి, అటు నుంచే టాంబోరిన్‌కు వెళ్లిపోవచ్చు. ముందుగా ఫోను చేసి, ఆ రోజు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో, ఏమేం తెచ్చుకోవాలో కనుక్కోండి. పూలు, కొబ్బరికాయలు బ్రిస్బేన్ భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి.

కూలంగట్ట_ఇసుక

మీ తేదీలతో మార్చి చెప్తాను. సెప్టెంబరు 3న బ్రిస్బేన్‌లో దిగి, ముందు తీరం. ఆదివారం పగలు సౌత్ మాక్లీన్ మీదుగా టాంబోరిన్. చివరి రాత్రి మళ్లీ తీరంలోనో, బ్రిస్బేన్‌లోనో పడుకోండి. ఓరైలీస్ నుంచి నేరుగా విమానానికి బయలుదేరొద్దు. దారిలో ఒక చెట్టు పడితే చాలు, విమానం పోయినట్టే.

తీరంలో ఉన్నన్నాళ్లూ కారు వద్దు. హోటళ్లలో రాత్రికి ఇంతని పార్కింగ్ వసూలు చేస్తారు, ట్రామ్ ఎదుటే ఉంటుంది, టిక్కెట్ 50 సెంట్లు. కొండలకు, బైరన్‌కు డ్రైవరుతో పెద్ద బండి మాట్లాడుకోండి. మీరే నడపాలంటే ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది, ఎడమవైపు నడపడమూ మనకు అలవాటే. చిక్కంతా కెమెరాలతో. చేతిలో ఫోను కనబడినా, ముందు సీట్లో అమ్మగారు బెల్టును చంక కిందకు జరుపుకున్నా వెయ్యి డాలర్లు దాటిన జరిమానా డ్రైవరుకే పడుతుంది. మన పెద్దవాళ్లకు ఆ జరుపుకునే అలవాటు ఉంటుంది, బండి కదిలే ముందు ఒకసారి చూసుకోండి.

బైరన్ బే న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా అక్కడి గడియారం గంట ముందుంటుంది, క్వీన్స్‌ల్యాండ్‌లో మార్చరు. మీ తేదీల్లో ఆ ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస అదే, 1901 నాటి లైట్‌హౌస్ దాకా కారు వెళ్తుంది. పైన పార్కింగ్ కొంచెమే. పొద్దున్న ఎనిమిది లోపు చేరితే నాన్నగారు పది అడుగులు వేస్తే చాలు. పదకొండింటికి చేరితే కిందెక్కడో ఆపి కొండెక్కాలి.

ఒకే ఏబీఎన్ (వ్యాపార నమోదు) నంబరున్న దుకాణంలో 300 డాలర్లు, ఆపైన కొన్నది ఏదైనా ఉంటే, కొన్న 60 రోజుల్లోపు దేశం దాటేటప్పుడు జీఎస్‌టీ వెనక్కిస్తారు. పసిఫిక్ ఫెయిర్ మాల్‌లో అమ్మగారికి ఏదైనా కొంటే బిల్లు దాచుకోండి. ఆ వస్తువు చేతి సంచిలోనే ఉండాలి, విమానాశ్రయంలో చూపించమంటారు. ద్రవాలు, అత్తర్లు అయితే సామాను చెకిన్ చేయకముందే అక్కడి సరిహద్దు అధికారులకు చూపించి ముద్ర వేయించుకోవాలి.